‘కనిపించలేదు’ అని రాయనివ్వండి



ఈసారి మీ పిల్లల సైన్స్ నోటుబుక్కులో ఒక గడి గురించి మాట్లాడదాం. తేదీ, సమయం, స్థలం, పరిశీలన అని నాలుగు నిలువు గళ్లు గీయించి పట్టిక వేయిస్తాం కదా, అందులో చివరి గడి. ఒక పిల్లవాడు సాయంత్రం పార్కుకు వెళ్లి, పావుగంట నిలబడి, ఇంటికొచ్చి ఆ గడిలో ‘ఏమీ కనిపించలేదు’ అని రాశాడనుకోండి. తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ‘అదేం రాత? మార్కులు పోతాయి’ అంటారు నాన్న. ‘రెండు పిచ్చుకలు, ఒక ఉడుత అని రాసెయ్, ఎవరు చూడొచ్చారు’ అంటుంది అమ్మ. ‘నెట్‌లో దొరుకుతుందిరా’ అంటుంది అక్క. పది నిమిషాల్లో గడి నిండుతుంది. మార్కులూ పడతాయి.

నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఆ ‘ఏమీ కనిపించలేదు’ను చెరిపించకండి. మొత్తం పట్టికలో శాస్త్రానికి పనికొచ్చే మాట అదొక్కటే కావచ్చు.

ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్లాలి. మరీ తెలియని చోటుకేమీ కాదు. ఇంజనీరింగ్ అయ్యాక మన పిల్లలు ఎంఎస్ అని బయల్దేరే అమెరికాలోని ఇలినాయ్, ఇండియానా రాష్ట్రాలకు. షికాగో దాటి కారులో వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. ఒకప్పుడు అదంతా మనిషెత్తు గడ్డి. భూగోళం పుస్తకంలో ప్రెయిరీలు అని చదువుకున్నామే, అవే. ఇలినాయ్‌కి ఇప్పటికీ ‘ప్రెయిరీ రాష్ట్రం’ అని ముద్దుపేరు ఉంది కానీ, ఆ గడ్డి నేలలో మిగిలింది వెయ్యింట ఒక వంతు కూడా లేదు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి అక్కడే ఉక్కు నాగలి తయారుచేశాడు. ఆయన పేరుతో వచ్చిన ట్రాక్టర్లు మన ఊళ్లలోనూ తిరుగుతున్నాయి. అంటుకునే ఆ నల్ల మట్టిని ఉక్కు నాగలి తేలిగ్గా చీల్చింది. ఆ తర్వాత రెండు మూడు తరాల్లో గడ్డి పోయింది, చేలు వచ్చాయి. అసలు గడ్డి అక్కడక్కడా మిగిలింది రైలు కట్టల పక్కన, పాత శ్మశానాల్లో. అక్కడికి నాగలి వెళ్లలేదు మరి.

ఆ రైలు కట్టల పక్కన గడ్డిలో ఒక ఉడుత బతుకుతుంది. ఫ్రాంక్లిన్ ఉడుత అంటారు. ఆర్కిటిక్ యాత్రలు చేసిన జాన్ ఫ్రాంక్లిన్ పేరు మీద 1822లో పెట్టిన పేరు. మన గోడల మీద పరుగెత్తే ఉడుతకు అది దూరపు చుట్టం. తోకతో కలిపి అడుగుంపావు దాకా పొడవు, బూడిద రంగు తల, గోధుమ రంగు వీపు. చెట్టు మీద కాదు, నేలలో బొరియ తవ్వుకుని ఉంటుంది. గింజలు, ఆకులు తింటుంది, పురుగుల్ని తింటుంది, దొరికితే బాతు గుడ్లూ వదలదు. మన దేశంలో దాని దగ్గరి బంధువును చూడాలంటే లదాఖ్ లాంటి చోటికి వెళ్లాలి. అక్కడి మార్మట్‌లు ఈ కుటుంబంలోవే.

ఈ ఉడుత గురించి శాస్త్రవేత్తలకు తెలిసింది తక్కువ. దాని బతుకు తీరే అలాంటిది. ఏప్రిల్ ప్రాంతంలో బొరియలోంచి బయటికొస్తుంది. పెద్ద మగవి జులై చివరికల్లా, ఆడవి ఆ తర్వాత కొద్ది వారాలకు మళ్లీ నేల కిందకి వెళ్లిపోతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మాత్రం ఒళ్లు చేసుకోవడానికి ఇంకొన్నాళ్లు బయట తిరుగుతాయి. మిగతా ఏడెనిమిది నెలలు శీతాకాల సుప్తావస్థ. బయట ఉన్న ఆ నాలుగు నెలల్లోనైనా కనిపిస్తుందా అంటే, ఎండ బాగా కాసిన రోజునే తిరుగుతుంది, అదీ ఎత్తయిన గడ్డి మాటున. చాలాసార్లు మనిషి కంటపడదు. సన్నటి ఈల లాంటి కూత మాత్రం వినిపిస్తుంది. దాన్ని ‘ఈల ఉడుత’ అనేవాళ్లూ ఉన్నారు. పైగా దూరం నుంచి చూస్తే అక్కడి పార్కుల్లో తిరిగే మామూలు బూడిద ఉడుతలాగే ఉంటుంది. చూసినవాళ్లలోనూ చాలామంది చూశామని తెలియకుండానే వెళ్లిపోతారు.

మొత్తం జాతిని తీసుకుంటే కెనడా దాకా విస్తరించి ఉంది కాబట్టి అంతర్జాతీయ జాబితాలో దాని పేరు ‘పెద్దగా ఆందోళన లేదు’ అన్న వరుసలో ఉంటుంది. ఇలినాయ్, ఇండియానా రాష్ట్రాల జాబితాల్లో మాత్రం ముప్పున్న జంతువుల్లో ఉంది. ఒకే జంతువు, రెండు జాబితాలు, రెండూ నిజమే. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఇంత పెద్ద నేలలో, ఇంత చిన్న గడువులో, ఇలా దాక్కునే ప్రాణిని వెతకడానికి పదిమంది పరిశోధకులు ఏం సరిపోతారు? అందుకే మామూలు మనుషుల్ని అడుగుతారు. రైతులు, రోజూ కుక్కను తిప్పేవాళ్లు, స్కూలు పిల్లలు, ఎవరైనా సరే. విస్కాన్సిన్ రాష్ట్ర సహజ వనరుల శాఖ అరుదైన క్షీరదాలు కనిపిస్తే తెలియజేయడానికి ఒక ఫారం పెట్టింది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఎవరైనా ఫోటో పెడితే తెలిసినవాళ్లు అది ఏ ప్రాణో చెబుతారు. దీన్నే సిటిజన్ సైన్స్ అంటున్నారు. మనకు అంతకన్నా మంచి మాట ఉంది, ఉడుతాభక్తి. ఇసుకలో దొర్లి వచ్చి వారధి మీద ఒళ్లు దులిపిన ఆ ఉడుత కథ వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. ఉడుతల్ని లెక్కపెట్టే పనికి ఇంతకన్నా సరిపోయే పేరు ఏ భాషలో దొరుకుతుంది చెప్పండి!

అయితే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జనం దేన్ని తెలియజేస్తారు? కనిపించినదాన్ని. ఆదివారం మధ్యాహ్నం రోడ్డు పక్కన ఉడుత కనబడితే ఫోటో తీసి పంపిస్తారు. నాలుగు ఆదివారాలు వెళ్లి, గడ్డి తప్ప ఏమీ కనబడక తిరిగొచ్చినవాళ్లు ఏమీ పంపరు. పంపడానికి ఏముందని అనుకుంటారు. దాంతో మ్యాపు మీద చుక్కలన్నీ రోడ్ల పక్కన, ఊళ్ల దగ్గర, సెలవు రోజుల్లో పడతాయి. అది ఉడుతల మ్యాపా, ఉడుతల్ని చూసే మనుషుల మ్యాపా? చెప్పలేం. చుక్క లేని చోట ఉడుత లేదా, లేక అక్కడికి ఎవరూ వెళ్లలేదా? అదీ చెప్పలేం.

తెలుగులో ఈ తేడాకు చక్కగా రెండు మాటలున్నాయి. ‘చూడలేదు’ ఒకటి, ‘కనిపించలేదు’ ఒకటి. చూడలేదు అంటే నేను ప్రయత్నించలేదు. కనిపించలేదు అంటే ప్రయత్నించాను, అది నా కంట పడలేదు. ఖాళీ గడిలో ఈ రెండూ కలిసిపోతాయి. అబద్ధపు ‘ఒక ఉడుత’ రాస్తే ఇక రెండూ మాయమవుతాయి.

లెక్కలంటే ఇష్టపడే ఇళ్లు మనవి, కాబట్టి ఒక చిన్న లెక్క. ఒక రైలు కట్ట పక్కన ఆ ఉడుత నిజంగానే ఉందనుకుందాం. ఒకసారి వెళ్తే కనిపించే అవకాశం మూడింట ఒకటి అనుకుందాం. అంటే కనిపించకపోయే అవకాశం మూడింట రెండు. నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ కనిపించకుండా ఉండే అవకాశం ఎంత? 2/3ను నాలుగుసార్లు హెచ్చవేయండి. 81లో 16 వస్తుంది, దాదాపు 20 శాతం. ఉడుత అక్కడే ఉన్నా అయిదింటిలో ఒకసారి ‘ఇక్కడ లేదు’ అని తప్పుగా అనుకుంటాం అన్నమాట. అదే పదిసార్లు వెళ్తే? 2 శాతం కన్నా తక్కువ. అప్పుడు ‘ఇక్కడ లేదు’ అనడానికి కాస్త ధైర్యం వస్తుంది.

ఆ మూడింట ఒకటి అన్నది నేను ఊహించి చెప్పిన అంకె. అసలు అవకాశం ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు. కానీ ఒకే చోటికి పదేపదే వెళ్లి, కనిపించినప్పుడు ఒకటి, కనిపించనప్పుడు సున్నా అని నిజాయితీగా రాస్తే, ఆ ఒకట్లు సున్నాల వరుసలోంచే ఆ అవకాశాన్ని లెక్కకట్టవచ్చు. ఆ పద్ధతిని 2002లో మెకంజీ, ఆయన సహచరులు ప్రచురించారు. వన్యప్రాణుల పరిశోధనలో ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ పద్ధతికి ముడిసరుకు ఏమిటంటే, మన పిల్లవాడి చేత మనం చెరిపించిన ఆ సున్నా.

కళ్లముందే తిరిగే ఉడుతలనైనా లెక్కపెట్టడం తేలిక కాదు సుమా. 2018 అక్టోబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బూడిద ఉడుతల్ని లెక్కించారు. 323 మంది స్వచ్ఛందంగా వచ్చారు. పార్కును హెక్టారు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూశారు. చూసినవి 3,023. చివరికి పార్కులో ఉన్నాయని అంచనా వేసినవి 2,373. ఒకే ఉడుత రెండుసార్లు లెక్కలో పడి ఉండొచ్చు, కొన్ని ఎవరి లెక్కలోకీ రాకపోవచ్చు. ఎంతమంది, ఎక్కడ, ఎంతసేపు చూశారన్నది రాసిపెట్టుకున్నారు కాబట్టే ఒక అంకె నుంచి ఇంకో అంకెకు రాగలిగారు.

మన దగ్గరి సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. కలివికోడి అనే పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక ఇక ఎక్కడా నమోదు కాలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలోని శ్రీలంకమల్ల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని చూపించింది ఆ చుట్టుపక్కల మనుషులే. వాళ్ల నోట దానికి పేరు కూడా ఉంది. పక్షి రాత్రిపూట తిరిగేది, వెతికినవాళ్లు ఎక్కువగా పగటిపూట వెతికినవాళ్లు. 86 ఏళ్ల ఆ ఖాళీలో ‘కనిపించలేదు’ ఎంత, ‘చూడలేదు’ ఎంత? రాసిపెట్టినవాళ్లు లేరు కాబట్టి ఇప్పుడు తేల్చలేం.

రాసిపెడితే ఏమవుతుందో కూడా మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 రకాల పక్షుల పరిస్థితిని చెప్పింది. దాని వెనక ఉన్నది 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన 3 కోట్ల నమోదులు. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులున్నారు, డాక్టర్లున్నారు, విద్యార్థులున్నారు. వాళ్లు వాడే ఈబర్డ్ యాప్ ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతుంది. మీరు గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా, నచ్చినవి మాత్రమే రాశారా అని. అన్నీ రాశానంటే, జాబితాలో లేనిది కనిపించలేదనే లెక్క. ఎంత తెలివైన ప్రశ్నో చూడండి.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. పిల్లల సైన్స్ ఎక్స్‌పో ముందురోజు రాత్రి స్టేషనరీ షాపుల దగ్గర రద్దీ మీకు నేను చెప్పక్కర్లేదు. థర్మోకోల్ అగ్నిపర్వతం, రెడీమేడ్ చార్టు, గూగుల్ నుంచి ప్రింటు. అందులో పిల్లవాడు చూసింది ఏదీ ఉండదు. ఇంకాస్త పెద్ద క్లాసులకొస్తే లోలకం ప్రయోగం. జవాబు 9.8 రావాలని ముందే తెలుసు కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని రీడింగులు నింపడం. మీలో చాలామందికి ఈ విద్య మీ ఇంటర్మీడియట్ రోజుల నుంచీ తెలుసు. నవ్వుకునే విషయంగానే చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో నవ్వు రాదు. రక్తం పరీక్ష చేయకుండా రిపోర్టులో అంకె వేసే ల్యాబుకు మీరు మీ అమ్మగారిని తీసుకెళ్తారా? ఆ అంకె వేసే చెయ్యి ఎక్కడో ఒక చోట, ఎవరో ‘రాసెయ్’ అంటే అలవాటు పడిందే.

‘దీనివల్ల ఐఐటీకి ఏమైనా ఉపయోగమా సార్’ అని పేరెంట్స్ మీటింగ్‌లో అడిగేవాళ్లుంటారు. దాచడమెందుకు, ర్యాంకుకు నేరుగా ఏమీ ఉండదు. ఒలింపియాడ్‌లో ఉడుతల మీద ప్రశ్న రాదు. ‘అంత తీరిక ఎక్కడిది, ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ క్లాసులు’ అనేవాళ్లకు మాత్రం నా జవాబు, వారానికి పావుగంట. టీవీ సీరియల్లో ప్రకటనలకు పోయే సమయం కూడా కాదు.

టీచర్లు మార్కులు వేసే తీరు కూడా మారాలి, ఆ మాట స్టాఫ్ రూములోనూ అంటాను. గడి నిండిందా అని చూసి టిక్కు పెట్టే పద్ధతి ఉన్నంతకాలం పిల్లలు గడి నింపుతూనే ఉంటారు. సమయం రాసిన సున్నాకు పూర్తి మార్కులు వేయాలి. సమయం రాయని ‘అయిదు ఉడుతలు’కు మార్కులు తగ్గించాలి.

ఫ్రాంక్లిన్ ఉడుత మనకు దొరకదు. ఇలినాయ్‌లో ఉన్న మీ అన్నయ్యగారి పిల్లలకు దొరకవచ్చు. వాళ్లకు చెప్పండి, మే, జూన్ నెలల్లో ఎండ కాసే రోజున గడ్డి పెరిగిన రైలు కట్టల పక్కన ఈల వినిపిస్తుందేమో రోడ్డు మీదే నిలబడి వినమని. పట్టాల మీదికి వెళ్లొద్దని కూడా చెప్పండి. మనకైతే మన ఉడుతే ఉంది. దక్షిణాదిన ఉండే మన ఉడుత వీపు మీద మూడు చారలు, రాముడి మూడు వేళ్ల కథ పుట్టింది ఆ చారల వల్లే. ఉత్తరాదిన కనిపించే ఉడుత వేరే జాతి, దానికి అయిదు చారలు. మీ అపార్ట్‌మెంటులో తిరిగేదానికి ఎన్ని? చూడకుండా చెప్పకండి.

ఒకే చోటు ఎంచుకోండి. మేడ మీదనుంచి కనిపించే వేపచెట్టయినా సరే. ఆదివారం ఉదయం ఒకే సమయానికి పావుగంట. పిల్లలతో పాటు మీరూ నిలబడండి, ఫోను లోపలే వదిలేసి. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎండా మబ్బా, ఎన్ని కనిపించాయి, ఇంతే. ఒకేసారి కనిపించినవాటిలో ఎక్కువ ఎన్నో అదే రాయాలి, అటూ ఇటూ పరుగెత్తేదాన్ని మళ్లీ మళ్లీ కలపకూడదు. ఏ వారమైనా వెళ్లడం కుదరకపోతే ‘చూడలేదు’ అని రాయించండి. వెళ్లినా రాకపోతే ‘కనిపించలేదు’, సున్నా. పొదల్లోకి, పాడుబడ్డ గోడల దగ్గరికి వెళ్లనివ్వకండి, పాములుంటాయి. ఉడుత పిల్ల కింద పడి దొరికినా చేత్తో పట్టుకోనివ్వకండి, కరుస్తుంది. యాప్‌లో ఫోటో పెట్టాలంటే మీ ఫోన్ నుంచే పెట్టండి, ఇంటి చిరునామా పడకుండా లొకేషన్ సెట్టింగు చూసుకోండి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెడతారు. అదే సమయంలో మన దేశంలో విద్యాసంస్థల కోసం క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. కనీసం పావుగంట చూడాలన్నది అక్కడి నియమం. అప్పటికి మన పిల్లలకు చేయి తిరిగి ఉంటే బాగుంటుంది. ఈలోగా జరిగే పేరెంట్స్ మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ నోటుబుక్కు కూడా తీసుకురండి. సున్నాలున్న పేజీలు ముందు చూస్తాను.